ఎన్ని ఇంచులైతే అంత పరువు

కారు కొన్నవాడు ఊఫర్ కొనేముందు చేసే మొదటి తప్పు డిక్కీ తెరిచి చూసుకోవడం. రెండో తప్పు చేతిలో టేపు పట్టుకోవడం. ఈ రెండూ చేసినవాళ్లు ఏ పది ఇంచుల దగ్గరో ఆగిపోయి, తమ పాటలు తాము మాత్రమే వింటూ అనామకంగా బతికేస్తారు. కారులో బేస్ మీ కోసం కాదు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన స్కూటీ అద్దం వణకాలి. మీరు సెల్లార్‌లోకి దిగుతుంటే మూడో అంతస్తు వంటింట్లో స్టీలు గిన్నెలు మోగాలి. వాచ్‌మన్ హారన్ కొట్టకుండానే లేచొచ్చి గేటు తీయాలి. కాబట్టి కొలత మొదలుపెట్టాల్సింది డిక్కీ నుంచి కాదు, వీధి చివరి నుంచి.

మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా 8, 10, 12, 15, 18 ఇంచులు. ఎనిమిది సీటు కింద ఇమిడిపోతుంది, ఆంప్ కూడా అందులోనే వస్తుంది, డిక్కీ మొత్తం ఖాళీగా మిగులుతుంది. ఇవన్నీ దాని లోపాలే. కనపడని వస్తువు మీద డబ్బు తగలేసి ఏం లాభం? పది అంటే చేతిలో డబ్బు తక్కువైందని ఊరంతా చాటుకోవడం. పన్నెండు అందరికీ ఉంది గనక మీకొద్దు. పద్దెనిమిది పెట్టాలంటే వెనక సీటు పీకేయాలి, ఇంట్లో ఒప్పుకోరు. మిగిలింది పదిహేను. చూశారా, కారు ఏదని కూడా అడక్కుండానే తేల్చేశాం.

ఇక్కడే బావమరిది అడ్డుపడతాడు. ఇంజనీరింగ్ చదివి, చదివింది మర్చిపోని బావమరిది ఇంటికొకడు ఉంటాడు. కాగితం తీసి లెక్క మొదలెడతాడు. వ్యాసం పెరిగితే వైశాల్యం దాని వర్గాన్నిబట్టి పెరుగుతుంది, కాబట్టి పది నుంచి పన్నెండుకి వెళ్తే కోన్ 44 శాతం పెద్దదవుతుంది అంటాడు. మీరు మురిసిపోతారు. అంతలోనే, "కానీ బావా, గాలిని తోసేది వైశాల్యం ఒక్కటే కాదు. కోన్ ముందుకీ వెనక్కీ ఎంత ఆడుతుందో అదీ చూడాలి. బాగా ఆడే పది, ఆడని పన్నెండుని మించిపోతుంది. రెండు పదులు కలిపితే ఒక పన్నెండు కంటే దాదాపు 40 శాతం ఎక్కువ వైశాల్యం" అంటాడు. షాపులో ఇలాంటి మాటలు అననివ్వకండి. ఇంచులు అట్టపెట్టె మీద అరచేయంత అక్షరాల్లో ఉన్నాయి. కోన్ ఎంత ఆడుతుందో లోపల మడిచిపెట్టిన కాగితంలో, మిల్లీమీటర్లలో ఉంది. ఏది ముఖ్యమో కంపెనీవాడికి తెలియదూ?

సంగీతజ్ఞానం ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. మీకు మృదంగం, తబలా ఇష్టమైతే చచ్చినా పెద్ద ఊఫర్ జోలికి పోకండి. పెద్ద కోన్ బరువెక్కువ, అది లేచేసరికి దరువు అయిపోతుంది, 'స్లో బేస్' వస్తుంది, చిన్నదైతే 'ఫాస్ట్'. ఈ సిద్ధాంతాన్ని ఎవరు కనిపెట్టారో గానీ ప్రతి షాపులోనూ వినిపిస్తుంది. బావమరిది దీనికీ ఒప్పుకోడు. "సెకనుకి 60 సార్లు కదలలేని కోన్ 60 హెర్ట్జ్ అసలు వాయించలేదు కదా బావా. దరువు సాగుతోందంటే తప్పు బాక్సుది, ట్యూనింగ్‌ది" అంటాడు. వాడితో వాదించకండి. పది నిమిషాల క్రితం పదిహేనే గొప్పదని, ఇప్పుడేమో ఎనిమిదే గొప్పదని మనం చెప్పిన సంగతి వాడు పసిగట్టేస్తాడు.

ఇంచులు తేలాక వాట్లు. అట్టపెట్టె మీద మంటలు కక్కే బొమ్మ పక్కన 2000 వాట్స్ అని ఉంటుంది. అడుగున, కళ్లజోడు పెట్టుకున్నా కనపడనంత చిన్న అక్షరాల్లో, ఆర్‌ఎంఎస్ 300 అని ఉంటుంది. రెండోది ఆ ఊఫర్ గంటల తరబడి తట్టుకునే బలం. మొదటిది ఏ లిప్తపాటో తట్టుకోవచ్చేమోనని కంపెనీవాడు పెట్టుకున్న ఆశ. మనకు ఆశే ముఖ్యం. ఆంప్ కొనేటప్పుడు కూడా ఆశని ఆశతోనే జత చేయండి: దాని మీదా 2000, దీని మీదా 2000. ఆర్‌ఎంఎస్‌ని ఆర్‌ఎంఎస్‌తో సరిచూసుకునేవాళ్లు జాతకాలు చూసుకుని కూడా పెళ్లికి వెనకాడేవాళ్లు.

వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమేనని, చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు పది డెసిబెల్స్ కావాలని, దానికి వాట్లు పది రెట్లు అవ్వాలని బావమరిది చెప్తాడు. అయితే పది రెట్లే కొందాం అనండి. వెయ్యి వాట్లు నిజంగా బయటికిచ్చే ఆంప్ నిండు బలంతో మోగేటప్పుడు కారు కరెంటులోంచి దగ్గర దగ్గర 90 ఆంపియర్లు లాగుతుంది. మన చిన్న పెట్రోలు కార్లలో మామూలుగా ఉండేది 35 ఏహెచ్ బ్యాటరీ. ఇంజిన్ ఆపి, గుడి దగ్గర పార్క్ చేసి, ఆగకుండా ఆ బలంతో వాయిస్తే 20 నిమిషాలు కూడా గడవకుండా అంతా నిశ్శబ్దం. అప్పుడు భక్తులే వచ్చి కారు తోస్తారు. నలుగురితో పరిచయాలు పెరగడానికి ఇంతకంటే మార్గం లేదు. రాత్రిపూట ప్రతి దరువుకీ హెడ్‌లైట్లు మసకబారి మళ్లీ వెలుగుతుంటే కంగారు పడొద్దు. డిస్కో లైట్లకు వేరే ఖర్చు తప్పిందని సంతోషించండి.

ఇక బాక్సు. ఈ విషయంలో మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే తెలివైనవాళ్లు కూడా తెలివిగా ప్రవర్తించి చెడిపోయేది ఇక్కడే.

ఊఫర్‌తో వచ్చే కాగితంలో ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని ఒక పట్టిక ఉంటుంది. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అనే ఇంజనీరు ఈ లెక్కలకు దారి వేశాడు. 1970ల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. అప్పటి నుంచీ ఏ కోన్‌కి ఎన్ని లీటర్ల గాలి కావాలో బాక్సు కోయకముందే లెక్కేసుకోవచ్చు. మూసిన బాక్సు అయితే పది ఇంచులకి సుమారు 20 లీటర్లు, పన్నెండుకి 30 పైచిలుకు, పదిహేనుకి 60 పైన. పోర్టు పెట్టే బాక్సు అయితే దాదాపు రెట్టింపు. మోడల్‌ని బట్టి ఈ అంకెలు మారతాయి, అందుకే ఆ పట్టిక. ఆ కాగితాన్ని షాపులోనే వదిలేసి రండి. మీ కార్పెంటరుకి ఇంగ్లీషు రాదు, ఆయన మనసు నొప్పించడం దేనికి?

అవును, కార్పెంటరే. ఎవరింట్లోనో వార్డ్‌రోబ్ చేయగా మిగిలిన ఎనిమిది మిల్లీమీటర్ల ప్లై ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ వాడాలని, లేకపోతే గోడలు కూడా కోన్‌తో కలిసి ఊగుతాయని అంటారు గానీ, ఊగితే మంచిదేగా? డబ్బులిచ్చింది ఒక్క ఊఫర్‌కి, మోగేది ఆరు పలకలు. ఆయన చెవిలో పెన్సిల్ తీసి, డిక్కీలో మూల నుంచి మూలకు జానలు వేసి, "ఇంతొస్తది సార్" అంటాడు. అదే మీ బాక్సు. మూలల్లో సందులుంటే బయటినుంచి కార్పెట్ అతికిస్తాడు, లోపలి గాలి ఈల వేసుకుంటూ ఆ సందుల్లోంచే పోతుంది. ఫెవికాల్ ఎండకముందే ఊఫర్ బిగించేయండి, ముహూర్తం దాటిపోతుంది.

మూసిన బాక్సు మంచిదా, పోర్టు ఉన్నది మంచిదా అని అడిగితే, పోర్టుదే అని కళ్లు మూసుకుని చెప్పండి. మోత ఎక్కువ వస్తుంది, పైగా ఆ గొట్టం చూడ్డానికి బాగుంటుంది. గొట్టం పొడవెంత, నోరెంత వెడల్పు అన్నవాటిని బట్టే ఆ బాక్సు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర పలుకుతుందో తేలుతుంది. ఆ ఫ్రీక్వెన్సీకి దిగువన కోన్‌కి వెనకనుంచి గాలి దన్ను పోతుంది, పట్టు తప్పి ఊగిసలాడుతుంది, అందుకే ఆంప్‌లో సబ్‌సానిక్ ఫిల్టర్ అని ఒకటి పెట్టారు. దాన్ని ఆఫ్‌లో ఉంచండి. గొట్టాన్ని హార్డ్‌వేర్ షాపులో దొరికిన పీవీసీ పైపు ముక్కతో సరిపెట్టండి, పొడవు వాడు కోసినంత. ఫలితం అద్భుతంగా ఉంటుంది: మెలోడీ పెట్టినా, మాస్ పాట పెట్టినా, సుప్రభాతం పెట్టినా ఒకటే 'బుమ్'. ఏ పాట వస్తోందో కనుక్కోవాలంటే స్క్రీన్ చూడాలి. పాటకొక రకంగా వినపడే బేస్‌ని నమ్మలేం, ఇది నిలకడైన మనిషి.

ఆల్టో కె10 డిక్కీ 214 లీటర్లు. పదిహేనుకి సరైన పోర్టు బాక్సు లోపలి కొలతే 110 లీటర్లకు పైగా ఉంటుంది. చెక్క మందం, గొట్టం, ఊఫర్ నడుము కలుపుకుంటే బయటికి 150 దాకా వస్తుంది. మిగిలిన అరవై చిల్లర లీటర్లలో ఒక గొడుగు, రెండు బిస్లెరీ బాటిళ్లు హాయిగా పడతాయి. సీఎన్‌జీ కారైతే సిలిండరు ముందే వచ్చి కూర్చుంది. బాక్సు దాని మీదికి ఎక్కించమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ సలహా ఇచ్చేంత ధైర్యం నాకు కూడా లేదు.

ఇప్పుడు అసలు రహస్యం ఒకటి చెప్తాను, బాక్సు అమ్మేవాళ్లు కూడా చెప్పరు. 40 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. ఆల్టో పొడవు మూడున్నర మీటర్లు. అంటే బేస్ మీ కారులో పట్టదు! అందుకే కారులో కూర్చున్నవాడికంటే బయట నడిచేవాడికే బాగా వినపడుతుంది, తరంగం పూర్తయ్యేది వాడి దగ్గరే కదా. న్యాయంగా మీరు ఆర్టీసీ బస్సు కొనాలి. అది కుదరదు గనక నాలుగు అద్దాలూ దించి, డిక్కీ తలుపు కూడా కాస్త తెరిచి, తరంగం బయటికి వెళ్లడానికి దారి ఇవ్వండి.

బావమరిది తల పట్టుకుంటాడు. తరంగం మొత్తం లోపల పట్టాల్సిన పనే లేదంటాడు. అలా అయితే చెవిలో పెట్టుకునే బుల్లి ఇయర్‌ఫోన్‌లో బేస్ ఎలా వస్తోంది అని అడుగుతాడు. తరంగం కంటే గది బాగా చిన్నదైతే లోపలి గాలి మొత్తం ఒక్కసారిగా ఒత్తుకుంటుంది, వదులవుతుంది, ఆ ఒత్తిడే చెవికి బేస్. అందుకే చిన్న కారులో ఓ అరవై డెబ్బై హెర్ట్జ్ కింద శబ్దం దానంతటదే పెరుగుతూ పోతుంది, ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ దాకా, అద్దాలు మూసి ఉంటేనే, పైసా ఖర్చు లేకుండా. హాల్లో పెద్దగా దిగని పది ఇంచుల మూసిన బాక్సు కారులోకి రాగానే పాతాళం దాకా దిగడానికి కారణం అదేనట. అంటే వాడు చెప్పేదేమిటి? కారు చిన్నదైతే ఊఫర్ చిన్నదైనా చాలుననే కదా. ఇలా ఆలోచించేవాళ్ల వల్లే పదిహేను ఇంచుల పరిశ్రమ వెనకబడిపోతోంది.

షాపుకి వెళ్లే పద్ధతి. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, మీ ఊళ్లో డెకార్స్ బోర్డున్న కొట్టుకి వెళ్లినా, మీకు నోటికొచ్చిన పాటలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లకండి. గోడకి బిగించిన డెమో బోర్డు మీద షాపువాడికి నచ్చిన పాట వినండి. అది ఆ గోడకి, ఆ గదికి, ఆ పాటకి సెట్ చేసిందే అయినా మీ కారు అంతకంటే తక్కువేం తినలేదు. రెండు ఊఫర్లు పక్కపక్కన వాయించి చూపిస్తే ఏది ఎక్కువ మోగితే అదే మంచిది. దేని వాల్యూమ్ ఎంతలో పెట్టాడని అడగడం మర్యాద కాదు.

వైరింగ్ అయ్యేటప్పుడు అక్కడ నిలబడకండి, టీకి వెళ్లండి. మీరు వచ్చేసరికి జరిగిపోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పవర్ కేబుల్ లావుగా కనపడితే చాలు. ఆ లావంతా రబ్బరా, లోపలిది రాగా, రాగి పూసిన అల్యూమినియమా అన్నది బ్లేడుతో గీరి చూస్తే తెలిసిపోతుంది, అందుకే గీరకూడదు. ఆడియో వైరునీ పవర్ కేబుల్‌నీ ఒకే పక్కనుంచి, ఒకే టేపుతో చుట్టి తేవాలి. అప్పుడు ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలోంచి 'కుయ్య్' మని సన్నగా ఒక రాగం వస్తుంది. స్పీడోమీటర్ పాడైనా ఇబ్బంది ఉండదు. ఎర్త్ వైరు పెయింటు గీకకుండా పెయింటు మీదే బిగించాలి. కొత్త కారు, గీతలు పడకూడదు.

ఊఫర్ వెనక ఒక్కోసారి నాలుగు టెర్మినల్స్ ఉంటాయి. రెండు కాయిళ్లు, ఒక్కోటి నాలుగు ఓమ్స్. పేరలల్‌లో కలిపితే రెండు, సిరీస్‌లో కలిపితే ఎనిమిది. మీ ఆంప్ బ్రిడ్జ్‌లో నాలుగుకి తగ్గనివ్వదని దాని పుస్తకంలో రాసుంటే, రెండుకే కలపండి, మోత ఎక్కువ. కాసేపటికి ప్రొటెక్ట్ అని ఎర్ర లైటు వెలుగుతుంది. దాని మీద చిన్న స్టిక్కరు అతికిస్తే సరిపోతుంది.

ఫ్యూజు సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే, అంటే మూరెడు దూరంలో, కేబుల్‌కి తగ్గ ఫ్యూజు ఉండాలని పాఠం. అది ఆంప్‌ని కాపాడ్డానికి కాదట, బానెట్ నుంచి డిక్కీ దాకా పరుచుకున్న కేబుల్ ఎక్కడో ఇనుముకి రాసుకుని షార్ట్ అయితే కారు అంటుకోకుండా ఆపడానికట. మీది మాటిమాటికీ కొట్టేస్తోందంటే ఫ్యూజే చెడ్డది. పెద్దది వేయించండి. అదీ కొట్టేస్తే తీసేసి వైరు నేరుగా కలపమనండి. ఆ తర్వాత కార్పెట్ కింద కేబులే ఫ్యూజు పని చేస్తుంది. 101 ఫోన్‌లో సేవ్ చేసి ఉంచుకోండి.

ఆంప్ మీద గెయిన్ అని ఒక మర ఉంటుంది. చాలామంది దాన్ని స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని జత చేసేదని అనుకుంటారు. కాదు, అది వాల్యూమే. స్క్రూడ్రైవరు పెట్టి ఆగిపోయేదాకా తిప్పండి. బేస్ బూస్ట్ అని ఇంకోటుంటే అదీ. స్టీరియోలో లౌడ్‌నెస్ అదనం. తరంగాల తలలు తెగి పాట గరగరమంటుంది, దాన్ని క్లిప్పింగ్ అంటారు, మనం ఎఫెక్ట్ అందాం. కొద్దిరోజులకి కాలిన వార్నిష్ వాసన వెనక సీటు దాకా వస్తుంది. ఆ వాసన కాయిల్‌ది. డాష్‌బోర్డ్ మీద ఒక మల్లెపూల పెర్ఫ్యూమ్ సీసా పెడితే రెండు వాసనలూ కలిసిపోతాయి.

డిక్కీ తలుపు, నంబర్ ప్లేటు, వెనక ట్రే తలో తాళం అందుకుంటాయి. డ్యాంపింగ్ షీటు అతికిస్తే పోతుంది గానీ, ఎందుకు పోగొట్టుకోవాలి? వాద్యబృందం పెరుగుతోంది. హైదరాబాద్‌లో 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధిస్తూ పోలీసులు ఉత్తర్వులిచ్చాక ఆ లోటు ఎవరో ఒకరు తీర్చాలి కదా. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన రూల్స్ ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా 45 డెసిబెల్స్. ఆ లెక్కన మీ ఇంట్లో ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరే మొదటి ముద్దాయి. కానిస్టేబుల్ ఆపితే ఈ పాయింటు లాగండి, చాలా సంతోషిస్తాడు. చెవుల డాక్టర్లు 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు, ఆపైన మూడు పెరిగినప్పుడల్లా సగం సమయం అంటారు, 100 దగ్గరికొచ్చేసరికి పావుగంటే. దేవుడు చెవులు రెండిచ్చాడు, ఒకటి స్టెప్నీ.

స్టెప్నీ అంటే గుర్తొచ్చింది. ఇది సంక్రాంతికి ముందే తెలుసుకోవాలి. పండక్కి హైదరాబాద్ నుంచి అత్తారింటికి బయల్దేరినప్పుడు సూట్‌కేసులు పిల్లల ఒళ్లో సర్దేయొచ్చు, కాళ్లు బాక్సు మీద పెట్టుకోమనొచ్చు. పంతంగి టోల్‌గేట్ దగ్గర క్యూలో నిలబడ్డ జనమంతా మీ పాటే వింటారు, ఆ గౌరవం ఎక్కడ దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో మామగారు కొత్త బియ్యం బస్తా, అత్తగారు అరిసెల డబ్బా, జంతికల డబ్బా, పనసకాయ తెచ్చి కారు వెనక నిలబడతారు. డిక్కీ తెరవకండి. "లారీలో వేయించండి మామయ్యా" అనండి. కూతురి వంక చూస్తారు, మీరు స్టీరియో వంక చూడండి.

సూర్యాపేట దాటాక వెనక టైరు పంక్చరైంది అనుకుందాం. మన హ్యాచ్‌బ్యాక్‌లలో స్టెప్నీ డిక్కీ అడుగున ఉంటుంది. దాని మీద కార్పెట్, కార్పెట్ మీద బాక్సు, బాక్సు వీపున ఆంప్, అన్నీ కలిపి నలభై యాభై కిలోలు, పైగా కదలకుండా కార్పెంటరు నాలుగు మూలలా ఎల్ క్లాంపులు కొట్టాడు. జాకీ కూడా దాని కిందే. స్క్రూడ్రైవరు ఎక్కడుందంటారా? టూల్‌కిట్‌లో, జాకీ పక్కనే. హైవే మీద లారీవాడినెవడినైనా ఆపి స్క్రూడ్రైవరు అడగండి. బావమరిది ఒక పక్క, మీరు ఒక పక్క పట్టి బాక్సుని రోడ్డు వారకి దించండి. వాడు ఏమీ మాట్లాడడు, మీరూ మాట్లాడించకండి. కేబుల్ కాస్త పొడుగ్గా వేయించుకున్నారు గనక కనెక్షన్ ఊడి ఉండదు. టైరు మార్చేదాకా ఖాళీగా కూర్చోవడం ఎందుకు, ఒక పాట పెట్టండి.